పసిపిల్లల నిద్ర, పెద్దల పనివేళలు

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పగటి కునుకు కూడా ఈ లెక్కలోదే. నిద్ర చాలకపోతే పెద్దలు మగతగా ఉంటారు. పిల్లలు మాత్రం మారాం చేస్తారు, ఒకచోట నిలవరు. దాన్ని అల్లరి అనుకుని వాళ్లనే కొడతారు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లులు, గల్ఫ్‌కు పోయిన తండ్రులు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. పగలు వంటకు, పొలానికి సరిపోయిన తల్లికి బీడీల లెక్క పూర్తిచేయడానికి రాత్రే మిగులుతుంది. ఒకే గది ఉన్న ఇంట్లో అదే లైటు కింద, ఆ తంబాకు ఘాటులోనే పిల్లలు పడుకోవాలి. వెలుతురు ఉన్నంతసేపు నిద్ర పట్టించే మెలటోనిన్ హార్మోను తగ్గిపోతుంది. పసివాళ్ల మీద ఆ ప్రభావం మరీ ఎక్కువ. ఇక గల్ఫ్ ఫోను. సౌదీ సమయం భారత్ కంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ తండ్రి పని ముగించుకుని తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. పడుకున్న బిడ్డను లేపి చూపిస్తారు. ఆ తండ్రి తపనను తప్పుపట్టడం అన్యాయం. సెలవురోజు పగటిపూట మాట్లాడుకోగలిగితే బిడ్డ నిద్రా దక్కుతుంది, తండ్రి ముఖమూ దక్కుతుంది.

ఒంట్లోని కారణాలూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైన పిల్లల్లో కొందరు రాత్రంతా కాళ్లు ఆడిస్తూ దొర్లుతుంటారు. నులిపురుగులున్న వాళ్లను మలద్వారం దగ్గర దురద నిద్రపోనివ్వదు. రోజూ గురక పెడుతూ నోటితో ఊపిరి తీసే బిడ్డకు టాన్సిల్స్ వాచి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి.

దడుపు సంగతి వేరు. పడుకున్న కొద్ది గంటల్లోనే బిడ్డ కెవ్వుమని లేస్తాడు, తల్లినీ గుర్తుపట్టడు, తెల్లారితే అతనికేమీ గుర్తుండదు. గాఢనిద్ర సగంలో చెదరడమే దీనికి కారణం. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా ఇది ఎక్కువవుతుంది. తాయెత్తు కట్టినా కట్టకపోయినా చాలామందిలో వయసుతో అదే పోతుంది. దడుచుకున్నప్పుడు బిడ్డను కుదిపి లేపకుండా, దెబ్బ తగలకుండా పక్కన ఉంటే చాలు. చేతులూ కాళ్లూ బిగుసుకుపోయి కొట్టుకుంటే మాత్రం అది మూర్ఛ కావొచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 సమస్యలను వెతుకుతుంది. వాటిలో నిద్ర లేదు. ఇది పెద్ద లోటు. ఎన్నింటికి పడుకుంటున్నాడు, గురక ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు అని అడగడానికి ఖర్చేమీ కాదు. అంగన్‌వాడీలో బరువు చూసే రోజునే తల్లిని ఈ మాటలు అడిగి రాసుకునేలా జిల్లా అధికారులు ఆదేశించాలి.