అక్షయపాత్ర అడుగున

రుచికి మన భాష రెండు మగ పేర్లు పెట్టింది. నలభీమపాకం. తరతరాలుగా పొయ్యి ముందు కళ్ళు మండించుకున్న ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ రుచికి కొలమానం కాలేకపోయింది. అదే భారతంలో ద్రౌపదికి దక్కింది అక్షయపాత్ర. దానికో షరతు వుంది. ఆమె తినేదాకా అందులో అన్నం తరగదు, ఆమె తిన్నాక ఆ పూటకి పాత్ర ఖాళీ. అంటే అందరి కడుపులూ నిండేదాకా ఆమె ముద్ద ముట్టకూడదు. ఆ షరతు ఇప్పటికీ అమల్లోనే వుంది.

కాబట్టే నలుగురు స్నేహితురాళ్ళం జనవరిలో రెండు వారాలు కేవలం తినడానికి యూరప్ వెళ్తున్నామన్నప్పుడు అన్ని వైపుల నుంచీ ఒకటే ప్రశ్న. 'తిండి కోసం అంత దూరమా?' కాశీకి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. అమెరికాలో కూతురి పురిటికి పచ్చళ్ళూ పొడులూ మోసుకుని ఆరు నెలలు వెళ్తే అసలు అడగనే అడగరు. అక్కడికి వెళ్ళేది వండటానికి కదా! ఆడది వండటానికి సముద్రాలు దాటొచ్చు, తినడానికి గుమ్మం దాటకూడదు. పైగా నడుమ సంక్రాంతి వచ్చింది. 'పండక్కి ఇంట్లో ఆడది లేకపోతే ఎట్లా?' అన్నారు. అరిసెలు లేని పండగ గురించి బాధపడ్డారే గానీ, పాకం దగ్గర నిలబడి నిలబడి వాచిపోయిన కాళ్ళ గురించి ఎవరైనా ఎప్పుడైనా బాధపడ్డారా? మాలో ఒకామె బయల్దేరేముందు పది రోజుల పులుసులూ కూరలూ డబ్బాల్లో పెట్టి, ఏ రోజు ఏది తీయాలో ఫ్రిజ్ మీద చీటీ అంటించి వచ్చింది. సెలవు తీసుకున్నా పని ముందే పూర్తిచేసి రావాల్సిన ఉద్యోగం ఇదొక్కటే.

వెళ్ళొచ్చినవాళ్ళు రాసే యాత్రా కథనాల్లో ఒక మాట తప్పకుండా వుంటుంది. 'అక్కడ మగవాళ్ళు కూడా వంట చేస్తారు, ఎంత సమానత్వమో!' ఈ మాటతోనే నా పేచీ. మగవాళ్ళు వండటం సమానత్వానికి గుర్తు కాదు. ఏ వంట, ఎవరి కోసం, ఏం పుచ్చుకుని చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

బొలోన్యాలో చలికాలం వంటకం టోర్టెల్లీని. పిండిని అప్పడంకంటే పల్చగా వత్తి, అరచేతిలో మూలకి సరిపోయే చదరాలుగా కోసి, మధ్యలో మాంసం ముద్ద పెట్టి, మడిచి, వేలి చుట్టూ తిప్పి అతికిస్తారు. వేడివేడి మాంసం చారులో వేసి ఇస్తారు. వత్తేవాళ్ళని స్ఫోల్యీనా అంటారు, స్త్రీలింగ పదం. పండగ ముందు మన కజ్జికాయల చుట్టూ చేరే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఆ పని ఎంతో తెలుస్తుంది. మరి ఈ వంటకం పుట్టుక గురించి అక్కడ చెప్పుకునే కథ ఏమిటి? ఒక సత్రం యజమాని తాళంచెవి రంధ్రంలోంచి వీనస్ బొడ్డు చూసి, ఆ ఆకారంలో చేశాడట! వేల చేతుల నైపుణ్యం ఒక మగవాడి దొంగచూపు ఖాతాలో పడింది. 1974లో పూర్ణం కొలతల్ని ఆ నగర వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేశారు. కొలతలకు రికార్డు వుంది, చేతులకు లేదు. బొలోన్యాకి రైల్లో గంట దూరంలోని పాదువాలో మరియరోజా దల్లా కోస్తా, ఆమె సహచరులు 1972లో 'ఇంటి చాకిరీకి జీతం' ఉద్యమం మొదలుపెట్టారు. అది కాకతాళీయం అనుకోను.

లియోన్ సంగతి చూడండి. ఆ నగరానికి భోజన రాజధాని అనే పేరు తెచ్చినవాళ్ళని 'అమ్మలు' అంటారు. వీళ్ళలో చాలామంది సంపన్నుల ఇళ్ళల్లో వంటమనుషులుగా చేసి, ఆ కొలువులు పోయాక సొంతంగా భోజనశాలలు తెరిచినవాళ్ళు. యూజెనీ బ్రాజియే పెళ్ళికాకుండా తల్లయినందుకు తండ్రి గెంటేస్తే, లియోన్ చేరి ఇళ్ళల్లో పనిచేసింది. 1921లో సొంత హోటల్ తెరిచింది. 1933లో ఆమె రెండు హోటళ్ళకూ చెరి మూడు మిషెలిన్ నక్షత్రాలు వచ్చాయి. ఆరు నక్షత్రాలు పొందిన మొదటి మనిషి ఆమె. 1998లో అలైన్ డుకాస్ అందుకునేదాకా మరొకరికి అది సాధ్యం కాలేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్న పాల్ బొకూస్ పేరు ప్రపంచమంతా మోగింది. ఆమె పేరు మనలో ఎంతమంది విన్నాం? ఫ్రాన్స్‌లో 1951లో మార్గరీట్ బీజ్‌కి మూడు నక్షత్రాలు వచ్చాక, మరో స్త్రీకి, ఆన్ సోఫీ పిక్‌కి, అవి దక్కడానికి 2007 దాకా పట్టింది. యాభై ఆరేళ్ళు! ఈ మధ్యకాలంలో ఫ్రెంచి ఆడవాళ్ళు వండటం మానేశారా?

ఇక స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్. 'మగవాళ్ళు వండే ఊరు' అని మురిసిపోయేది దీన్ని చూసే. పందొమ్మిదో శతాబ్దం నుంచీ అక్కడ మగవాళ్ళు భోజన సంఘాలు పెట్టుకుని, అక్కడే చేరి వండుకుని, తాగి పాడుకుంటారు. చాలాకాలం ఆ వంటగదుల్లోకి ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. కొన్ని సంఘాలు మారాయి. ఆడవాళ్ళని అతిథులుగా బల్ల దగ్గర కూచోబెట్టి, గరిట మాత్రం ఇవ్వని ఆనవాయితీ ఇంకొన్నింటిలో చాలాకాలం నడిచింది. జనవరి 20న ఊరంతా ఇరవై నాలుగు గంటలు డప్పులు మోగుతాయి. తెల్ల టోపీల వంటవాళ్ళ వేషాల్లో దండులు నడుస్తాయి. ఆ దండుల్లోకి ఆడవాళ్ళు రావడానికి కూడా పోరాటమే కావలసి వచ్చింది. 'మా ఇళ్ళల్లో పెత్తనం ఆడవాళ్ళదే, అందుకే మగవాళ్ళకో చోటు కావలసి వచ్చింది' అని సమర్థించుకుంటారు. ఎంత తెలిసిన వాదన! రోజూ మూడు పూటలా వండే చోటుకి పెత్తనమని పేరు పెట్టి, వారానికోసారి సరదాగా వండే చోటుకి సంస్కృతి అని పేరు పెట్టారు.

సూత్రం ఒకటే. జీతమో, పేరో, తీరికో వుంటే వంట మగవాళ్ళది. మూడూ లేకపోతే ఆడవాళ్ళది. ఇది చూడటానికి యూరప్ వెళ్ళక్కర్లేదు. మన పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర, హోటళ్ళలో, టీవీల్లో ఎవరున్నారు? ఇంట్లో ఎవరున్నారు? 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు 81.2 శాతం, మగవాళ్ళు 26.1 శాతం. చేసేవాళ్ళలోనూ ఆమె రోజుకి 299 నిమిషాలు చేస్తే అతను చేసేది 97.

ఐర్లండ్‌లోని కార్క్, కెర్రీ ప్రాంతాల్లో జనవరి 6ని 'ఆడవాళ్ళ క్రిస్మస్' అంటారు. ఆరోజు మగవాళ్ళు ఇల్లు చూసుకుంటే ఆడవాళ్ళు బయట తిని, తిరిగి వస్తారు. బాగానే వుంది. కానీ ఏడాదికి ఒక్కరోజు దానం చేసేవాళ్ళు మిగతా రోజుల్ని తమ ఆస్తిగానే చూస్తున్నట్టు. నాకు నచ్చింది ఐస్‌లాండ్ పద్ధతి. 1975 అక్టోబర్ 24న అక్కడ దాదాపు 90 శాతం స్త్రీలు ఆఫీసుల్లోనూ ఇళ్ళల్లోనూ పని ఆపేశారు. దుకాణాల్లో సాసేజిలు అయిపోయాయి. తండ్రులకి అంతకన్నా తేలిగ్గా వండగలిగేది లేదు మరి! అది దానం కాదు, సమ్మె.

'మీకు డబ్బుంది, వెళ్ళారు' అంటారు కొందరు. నిజమే. ఆ హోటళ్ళ వెనక గదుల్లో గిన్నెలు తోముతున్న వలస స్త్రీలకి ఆ వీలు లేదు. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకీ లేదు. అందుకే ఇది విమానం టికెట్ల గురించిన వాదన కాదు. వీధి చివర టిఫిన్ బండి దగ్గరైనా సరే, తను వండనిది, వేడిగా వున్నది, కూచుని, తొందర లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా తినే హక్కు ప్రతి స్త్రీకీ వుండాలన్నదే వాదన.

మేం లేని సంక్రాంతికి ఇళ్ళల్లో అరిసెలు మిఠాయి కొట్టు నుంచి వచ్చాయి. పండగ ఆగలేదు. అక్షయపాత్రలో ద్రౌపది ముందు తింటే ఏమవుతుందని భయం? పాత్ర ఖాళీ అవుతుంది, అంతే. ఆకలి వేసినవాళ్ళు లేచి వండుకుంటారు.