కల్లు మానిన సాయంత్రాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో కల్లు అలవాటు అనే మాటకు అర్థం వేరు. ఈత, తాటి చెట్ల నుంచి దిగే కల్లు దుకాణాల గిరాకీకి ఏ మూలకూ చాలదు. ఆ లోటును నీళ్లు, శాకరిన్, మత్తుమందులు పూడుస్తాయి. డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అలా సీసాలోకి చేరినవే. రోజూ తాగేవాడి ఒళ్లు అలవాటు పడేది కల్లుకు కాదు, అందులోని మందుకు. ప్రార్థనతో తాగుడు మానేశామని ఆదివారం ఆరాధనలో చెప్పే సాక్ష్యాలను ఆకాశానికెత్తేవారు, కొట్టిపారేసేవారు ఇద్దరూ మరిచేది ఈ సంగతినే.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు దాని ఫలితం ఉమ్మడి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కనిపించింది. సీసా అందని వాళ్లకు చేతులు వణికాయి, నిద్ర కరువైంది, ఫిట్స్ వచ్చాయి. తమలో తాము మాట్లాడుకుంటూ ఊరంతా తిరిగినవాళ్లున్నారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం తాకిడి పెరిగింది. ఆ తర్వాతా కల్తీ ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో పదుల మంది కల్లు తాగి ఆసుపత్రి పాలయ్యారు.

సీసా ఆగితే ఒంటికి ఇలా ఎందుకవుతుందో వైద్యశాస్త్రం తేటగానే చెబుతుంది. ఈ మందులు మెదడు వేగాన్ని తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి వాడితే మెదడు దానికి ఎదురొడ్డి తన వేగాన్ని పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ పెరిగిన వేగానికి పగ్గం ఉండదు. అందుకే డాక్టర్లు అదే జాతి మాత్ర ఇచ్చి, రోజులు, వారాల మీద మోతాదు తగ్గిస్తూ వస్తారు. తొలి పది రోజుల్లో ఈ పని ప్రార్థన చేయలేదు. పైగా ఆ రోజుల్లోనే ఉపవాస ప్రార్థన పెడితే నీళ్లు, తిండి లేని ఒంటికి ముప్పు ఇంకా పెరుగుతుంది. లేనివి కనిపించి కేకలు వేసే మనిషిని చూసి దయ్యం పట్టిందనుకుని నూనె రాసి కూర్చోబెడితే, విలువైన గంటలు చేజారతాయి. అక్కడ కావలసింది అంబులెన్స్.

మందును, ప్రార్థనను విడదీయడం ఈ ప్రాంతపు క్రైస్తవ సంప్రదాయమేమీ కాదు. ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట మీదుగా వెళితే మెదక్ వస్తుంది. వెస్లియన్ మిషనరీ పాస్నెట్ కట్టించిన అక్కడి చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఆ మిషన్ గుడితో పాటు ఆసుపత్రినీ నడిపింది. కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టర్ ఇసబెల్ కెర్ రోగులకు చాల్‌మూగ్రా నూనె మందు ఇచ్చారు. దోర్నకల్ బిషప్ అజరయ్య తాగుడును, అప్పును ఒకే గాటన కట్టి సంఘాల్లో పోరాడారు. ఆయన చూపు ఇంటి లెక్కల దాకా వెళ్లిందన్నమాట.

ఒంటి వణుకు తగ్గాక అసలు కష్టం మొదలవుతుంది. సాయంత్రం ఆరు దాటితే కాళ్లు పాత దారి పడతాయి. దుకాణంలో దొరికేది మత్తు ఒక్కటే కాదు. జత, ముచ్చట, పొద్దు గడిచే వీలు. సంఘంవాళ్ల ఇంటింటి ప్రార్థన కూడిక కూడా ఆ వేళకే మొదలవుతుంది. చాప మీద పక్కన కూర్చున్నవాడు నిరుడు అదే దుకాణంలో ఎదురు బల్ల మీద కనిపించినవాడే. డప్పు, కంజీర, పాట, తర్వాత ఛాయ్. నలుగురి ముందు మాట ఇచ్చినవాడికి మళ్లీ సీసా పట్టాలంటే సిగ్గు అడ్డొస్తుంది. దేవుణ్ణి నమ్మనివారికీ ఇది అర్థమయ్యే సంగతే. నమ్మినవాడికి మాత్రం క్షమాపణ దొరికిందన్న నమ్మకం అంతకన్నా పెద్ద ఊతం.

అమెరికాలోని ఆక్రన్‌లో 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానేవారి బృందం కూడా ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి పుట్టింది. 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ పద్ధతి, దాన్ని అనుసరించే చికిత్స ఇతర చికిత్సలకు తీసిపోవని, కొన్ని కొలమానాల్లో మెరుగని తేల్చింది. అయితే అది మద్యం సంగతి. సీసాలో మాత్ర కలిసిన చోట ఆ లెక్కను ఉన్నదున్నట్టు అన్వయించలేం.

సంఘాలు తడబడేది మరోచోట. సాక్ష్యం చెప్పినవాడు మూడో నెలలో మళ్లీ తాగితే ‘పడిపోయాడు’ అంటారు. మర్నాటి నుంచి అతను కూడికకు రాడు. అనానిమస్ సమావేశంలో అయితే అతను మళ్లీ మొదటి రోజు అని చెప్పి అదే కుర్చీలో కూర్చుంటాడు. వ్యసనంలో జారిపడటం మామూలే అని పాస్టర్‌కు ముందే తెలిస్తే, ఆ వారమే అతని ఇంటికి వెళ్లేవారుంటారు. వెంట తీసుకెళ్లడానికి ఆసుపత్రి చీటీ కూడా ఉంటుంది.