జావాలో పొలం కొంటావా గురూ?

సింగపూరులో ఉండే మా స్నేహితుడొకడు ఈ మధ్య నాకో ఎక్సెల్ షీటు పంపించాడు. పేరు "ప్యాసివ్ ఇన్‌కమ్". తెరిచి చూస్తే జావా ద్వీపంలో, బోరోబుదూర్ స్తూపం దగ్గర ఒక పల్లెటూరు. వరిమడి మధ్యలో చెక్క విల్లా, చిన్న ఈతకొలను, వెనకాల మెరాపి అగ్నిపర్వతం. పదిమందిమి తలా కాస్త వేసుకుందాం, పొలం అక్కడి డ్రైవరు పేరు మీద రాయిద్దాం, మనం వెళ్ళని రోజుల్లో టూరిస్టులకి అద్దెకిద్దాం. ఇదీ ప్లాను. చివరి కాలమ్‌లో "రైతు కుటుంబానికి ఉపాధి" అని కూడా రాశాడు. అంటే పొలం అమ్మిన ఆసామే అందులో తోటమాలిగా చేరతాడన్నమాట. మహానుభావుడు!

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడ పచ్చటి చేను కనపడినా మనసులో గజాల లెక్క మొదలవడం మనవాళ్ళకి (నాతో సహా) ఎప్పుడు పట్టుకున్న జబ్బో తెలీదు. ఇంట్లో చూసుకుంటే సరిపోయేది, ఇప్పుడు సముద్రాలు దాటించాం.

ముందు చట్టం సంగతి. ఇండోనేషియాలో 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. విదేశీయుడికి ఇచ్చేది వాడుకునే హక్కు, అదీ గడువుతో. స్థానికుడి పేరు పెట్టి వెనక నుంచి మనం ఏలుకుందామంటే, అలాంటి బదిలీ చెల్లదనీ, భూమి ప్రభుత్వానికి పోతుందనీ, కట్టిన డబ్బు తిరిగి అడగడానికి లేదనీ 26వ సెక్షన్లో రాసే ఉంది. డ్రైవరుతో రాయించుకునే అప్పు పత్రాలూ, పవర్ ఆఫ్ అటార్నీలూ అన్నీ దీన్ని దాటడానికి వేసిన అడ్డదారి ప్యాచ్‌లే. ప్రొడక్షన్‌లో ఎప్పుడు పేలతాయో తెలీదు.

నాకు ఇంతకన్నా నచ్చింది ఇంకోటుంది. 1961లో వచ్చిన భూసంస్కరణల నిబంధన ప్రకారం వ్యవసాయ భూమి ఉన్నవాడు అదే మండలంలో (వాళ్ళు కెచమతాన్ అంటారు) ఉండాలి. అంటే జకార్తాలో కూర్చున్న ఇండోనేషియా వాడే ఊళ్ళో వరిమడి కొని వదిలేయకూడదు! అమలు అంతంతమాత్రమేననుకోండి, కానీ ఆ నియమం పెట్టినవాళ్ళకి ఊరంటే ఏంటో తెలుసు. దున్నేవాడు వేరు, పట్టా వేరు అయితే ఏమవుతుందో చూసి రాశారు.

ఆ ఊళ్ళో ఒక్కొక్కరికి ఎంత పొలం ఉంటుందనుకుంటున్నారు? అర హెక్టారు కన్నా తక్కువ సాగుచేసే కుటుంబాల్ని అక్కడ "గురెం" రైతులంటారు. మన లెక్కలో ఎకరం పాతిక సెంట్లు కూడా ఉండదు. 2013 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఇలాంటి కుటుంబాలు 1 కోటి 42 లక్షలు. 2023 గణనకి దాదాపు 1 కోటి 69 లక్షలు. అంటే పదేళ్ళలో ముక్కలు ఇంకా చిన్నవయ్యాయి. ఆ ముక్క కూడా లేనివాళ్ళు సగపాలుకి చేస్తారు, దాన్ని "మారో" అంటారు. అదీ దొరకనివాళ్ళు నాట్లకీ కోతలకీ వెళతారు. పాతరోజుల్లో కోతకొచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె కోసిందాంట్లో కొంత వాటా ఇచ్చేవారు, "బావొన్" అని. మన కళ్ళాల్లో కొలిచిచ్చే మేరల్లాంటిదే. 1970ల నుంచి కొత్త వంగడాలొచ్చాయి, నిలిచిన చేనుని గుత్తగా కొనే వ్యాపారులొచ్చారు, వాళ్ళు తమ మనుషుల్నే తెచ్చుకుని కొడవళ్ళతో కోయించడం మొదలెట్టారు. ఆ వాటా అప్పట్నుంచీ తరుగుతూనే ఉంది.

అయినా ఒక మడి మీద బతికేది పట్టా ఉన్న ఒక్క కుటుంబం కాదు. పాలుకి చేసేవాడు, నాట్లేసేవాళ్ళు, కాలవ నీళ్ళు చూసేవాడు, గట్టు మీద గడ్డి కోసి మేకని పెంచుకునే ముసలాయన. మా వాడి ఎక్సెల్ షీటులో వీళ్ళెవ్వరికీ గడి లేదు.

"రైతు తన ఇష్టంతో అమ్ముకుంటుంటే మధ్యలో నువ్వెవరు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. వానలో వంగి నాట్లేసేవాడికి భూమి గొప్పతనం గురించి ఏసీ గదిలోంచి ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు. కొడుకు చదువుకో, ఆస్పత్రికో అమ్ముకుంటే అమ్ముకోనీ, కానీ అదే మడిని పక్కింటివాడు కొంటే సాగు ఆగదు, విల్లా వాడు కొంటే ఆగుతుంది. డబ్బు పట్టా ఉన్నవాడికొస్తుంది, పని పోయేది పట్టా లేనివాడికి.

ఆ డబ్బైనా నిలుస్తుందా? తూర్పు జావాలో తుబాన్ దగ్గర సుముర్‌గెనెంగ్ అని ఒక ఊరు. చమురు శుద్ధి కర్మాగారం కోసం పొలాలమ్మిన రైతులు 2021 ఫిబ్రవరిలో కొత్తకార్లు లారీల మీద ఊళ్ళోకి దింపుకున్న వీడియో దేశమంతా తిరిగింది. కోటీశ్వరుల గ్రామం అని పేరు కూడా పెట్టారు. ఏడాది తిరక్కుండా, 2022 జనవరిలో, అదే ఊరివాళ్ళు పనులివ్వండని ధర్నాకి దిగారు. గోదాట్లో పశువులు కూడా అమ్ముకుని తింటున్నామని చెప్పుకున్నారు. కోకాపేట, గచ్చిబౌలి చుట్టుపక్కల ఎకరాలమ్మి, ఆ అపార్ట్‌మెంట్లకే వాచ్‌మన్లయినవాళ్ళ కథలు విన్న మనకి ఇది కొత్తేం కాదు.

టూరిజం పేరు చెప్పి పొలాలు పోయిన ఊళ్ళూ ఉన్నాయి. యోగ్యకర్తా కొత్త విమానాశ్రయం కట్టింది కులోన్ ప్రోగో తీరంలో. ఇసక నేలలో మిరప, పుచ్చ పండించిన రైతులవి ఆ భూములు. చాలామంది ఇచ్చేశారు, కొందరు మేం ఇవ్వమన్నారు. పరిహారం కోర్టులో జమచేసి, 2018 కల్లా ఇళ్ళు కూల్చి ఖాళీ చేయించారు. 2020లో విమానాశ్రయం పూర్తిగా మొదలైంది. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చింది, వస్తారన్న టూరిస్టులు రావడం మానేశారు.

అలాగని ఊళ్ళకి ఎవరూ వెళ్ళొద్దని కాదు. గునుంగ్‌కిదుల్‌లో న్గ్లాంగెరాన్ అనే ఊరుంది. పాత అగ్నిపర్వతపు బండల కొండని ఆ ఊరి కుర్రాళ్ళే చూసుకుంటారు. జనం తగ్గినా పరవాలేదని టికెట్టు ధర పెంచి మరీ నిలబడ్డారు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల జాబితాలో చోటు దక్కింది. క్లాతెన్ జిల్లా పొంగొక్‌లో ఊటనీటి కొలనుని గ్రామ సంస్థే నడుపుతుంది. నీళ్ళలో మునిగి బైకెక్కి ఫొటోలు దిగడానికి జనం ఎగబడతారు (ఎందుకో అడక్కండి). ఊరి ఆస్తి ఊరిదే, వచ్చినవాడు డబ్బిచ్చి చూసి వెళతాడు. మా భాషలో చెప్పాలంటే రీడ్ ఓన్లీ యాక్సెస్ :)

ప్రతి ఊరికీ కొండో కొలనో ఉండదు. వరిమడి ఒక్కటే ఉన్న ఊరికి చూపించడానికి ఆ మడే దిక్కు. వచ్చినవాళ్ళందరూ కిటికీలోంచి వరి కనపడాలంటారు. తలా ఒక విల్లా కడితే ఒక విల్లా కిటికీలోంచి ఇంకో విల్లా కనపడుతుంది. ఇది తెలియడానికి ఎక్సెల్ కూడా అక్కర్లేదు.

జావా ఊళ్ళల్లో వీధి మొదట్లో ఒక బోర్డు కనిపిస్తుంటుంది. ఇరవైనాలుగు గంటలు మించి ఉండే అతిథి వీధి పెద్దకి చెప్పాలి అని దానర్థం. రాత్రిళ్ళు వంతులవారీగా గస్తీ తిరుగుతారు, ఏదైనా జరిగితే చెక్కతో చేసిన కెంతొంగాన్ మోగిస్తారు. పెళ్ళికీ చావుకీ ఇంటికో మనిషి వచ్చి పనిలో చెయ్యేస్తాడు. నెలకోసారి వీకెండుకొచ్చే యజమాని ఏ గస్తీ వంతుకొస్తాడు? ఎవరింటి చావుకి కుర్చీలు మోస్తాడు?

ఇదంతా మా వాడికి పెద్ద మెయిలు రాశాను. నా వాటా లేదని కూడా చెప్పాను. రెండు రోజులు ఆలోచించి ఒక్క లైను జవాబిచ్చాడు: "సరే గురూ, మరి బాలీ అయితే?"

చట్టం అక్కడా అదే నాయనా!