సముద్రునిపై నింద యేల?

ఓడ మునిగినదని వినగానే మనవారి నోట వెలువడు మొదటి మాట "విధి". రెండవ మాట "సముద్రుడు పొట్టను బెట్టుకొన్నాడు". ఈ రెండు మాటలతో విచారణ ముగిసిపోవును. మునిగినవారి కొరకు రెండు కన్నీటి చుక్కలు రాల్చి, మరునాడు మరల కిక్కిరిసిన పడవనే యెక్కుదుము. ఈ రెండు మాటలను ఖండించుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. సముద్రము సాధువని మేమనుట లేదు. గాలివాన, పొగమంచు, నీటిలో దాగిన బండ, ఇవన్నియు ఓడకు శత్రువులే. కాని పేరుగన్న ప్రమాదములను ఒక్కొక్కటిగా విప్పి చూచినచో, ఓడ నీట మునుగుటకు ముందే ఒడ్డున మునిగియుండుట కానవచ్చును. బరువు నెక్కించినది ఒడ్డు; రక్షణ పడవలను తగ్గించినది ఒడ్డు; హెచ్చరికను పెడచెవిని బెట్టినది ఒడ్డు; ఎక్కినవారి పేరులు వ్రాసికొననిదియు ఒడ్డే. కెరటము చేసినది కడపటి పని మాత్రమే.

కన్నడ దేశమున, మెట్ట సీమలలో స్థిరపడిన మనవారు "ఓడలతో మాకేమి పని?" యని యడుగవచ్చును. పని యున్నది. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి వేలాది తెలుగువారు డెక్కు టిక్కెట్టు కొని రంగూనునకు సాగిపోయిరి. బొంబాయి కామాటిపురములో నిలిచినవారు ఆ రేవు నగరమున రాళ్లు మోసి మేడలు గట్టిరి. యానామువారికి గౌతమి వాకిటి ముందరి వీథి వంటిది. మన సంఘములలో చాల కుటుంబములు ఏదో యొక నాడు నీరు దాటి వచ్చినవే. అట్టి మనము "ఏరు దాటు వరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య" యన్న సామెతను నిజము చేయుట తగదు.

మొదట ఇంగ్లండు దేశపు మాట. తెరచాప యోడలు పోయి పొగయోడలు వచ్చుచున్న కాలములో ఆ దేశమున కొందరు యజమానులు శిథిలమైన ఓడలకు మితిమీరిన సరుకునెత్తి, భారీగా భీమా చేయించి, సముద్రము మీదికి తోలుచుండిరి. ఓడ చేరినచో కిరాయి. మునిగినచో భీమా సొమ్ము. రెండు విధముల లాభము యజమానునిది, ప్రాణము నావికునిది. ఆ ఓడలను జనులు "శవపేటికలు" అని పిలిచిరి. డెర్బీ పట్టణమునుండి 1868లో పార్లమెంటునకు ఎన్నికైన శామ్యూల్ ప్లిమ్సాల్ అను నాతడు ఈ అన్యాయముపై 1873లో పుస్తకము ప్రకటించెను. 1875 జూలై 22న, నావికుల బిల్లును ప్రభుత్వము వాయిదా వేయగా, సభలోనే పిడికిలి బిగించి కేకలు వేసెను. సభామర్యాద చెడినదని పెద్దలు నొచ్చుకొనిరి. కాని మరుసటి సంవత్సరమే, 1876లో, ఓడ ప్రక్కన బరువు గీత యుండవలెనను చట్టము వచ్చినది.

ఇచ్చట గుమాస్తాలకు బాగుగా తెలిసిన కిటుకు ఒకటి జరిగినది. గీత యుండవలెనని చట్టము చెప్పినదే కాని, ఎచ్చట నుండవలెనో యజమానుని యిష్టమునకు విడిచినది. గీత పైకి జరిపినచో ఎంత బరువైనను ఎక్కింపవచ్చును. ఈ లొసుగు 1890 చట్టముతో గాని పూడలేదు. ఒక్క గీతను సరియైన చోట గీయించుటకు పదునాలుగు సంవత్సరములు పట్టెను. ఆ పదునాలుగేండ్లలో అధిక భారముతో మునిగిన ఓడలకు సముద్రుడు బాధ్యుడా?

రెండవది లోకమెల్ల నెరిగిన టైటానిక్ కథ. 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండను దాకి, మరునాడు వేకువకు ముందే మునిగిన ఆ ఓడలో సుమారు 2,200 మంది యుండిరి. రక్షణ పడవలు 20. వానిలో పట్టువారు 1,178 మంది. అనగా సగమునకు కొంచెము పైగా మాత్రమే. ఇది చట్టవిరుద్ధమా? కాదు! చట్టము కోరినదానికంటె నాలుగు పడవలు ఎక్కువయే యుండెను. 10,000 టన్నులు దాటిన ఓడకు 16 పడవలు చాలునని 1894లో నియమము వ్రాసిరి. తరువాత 46,000 టన్నుల ఓడ నీటిలోనికి దిగినను ఆ నియమమును తిరుగవ్రాయు తీరిక ఏ అధికారికిని కలుగలేదు. ఉన్న పడవలనైనను నింపిరా? 40 మంది పట్టు ఒక పడవ 12 మందితో దిగిపోయినది. మొదటి తరగతి స్త్రీలలో దాదాపు అందరును బ్రదికిరి. మూడవ తరగతి స్త్రీలలో సగము మందియు బ్రదుకలేదు. చేరువనున్న మరియొక ఓడలో వైర్‌లెస్ చూచువాడు ఒక్కడే యుండి, పని ముగించి నిద్రించుచుండెను. సుమారు 1,500 మంది పోయిన పిమ్మట, అందరికిని పడవలుండవలెనని 1914లో పలు దేశములు కూడి ఒడంబడిక వ్రాసికొనెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే.

"ఇవి తెల్లవారి కథలు, మనకేల?" యని యనువారున్నారు. వారికొరకే మన సముద్రపు కథలు చెప్పెదము. 1887 మే 25న సర్ జాన్ లారెన్సు అను స్టీమరు కలకత్తానుండి ఒడిశాలోని చాందబాలి రేవునకు పోవుచు బంగాళాఖాతపు తుఫానులో మునిగినది. పూరీకి రైలు 1897లో గాని రాలేదు గావున, జగన్నాథుని దర్శింపగోరు వంగదేశపు యాత్రికులకు నాడు ఆ జలమార్గమే దగ్గరి దారి. ఓడలో 700లకు పైగా జనులు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఎవ్వరును తిరిగి రాలేదు. కలకత్తాలో హుగ్లీ యొడ్డున ఒక ఘాటునందు వారి స్మృతికై ఒక శిలాఫలకమున్నది. దానిని పెట్టించినది కొందరు ఆంగ్ల వనితలు. అందు ఓడ పేరున్నది, తేదీ యున్నది. పోయినవారి పేరొక్కటియు లేదు. ఆ వనితలను మేము నిందింపము, వారికి నమస్కరింతుము. పేరులు వారికి దొరకలేదనిన అది వారి తప్పు కాదు. ఓడ పేరు చరిత్రలో నిలిచినది, ఓడలోని తల్లుల పేరులు నిలువలేదు.

మరుసటి సంవత్సరమే, 1888 నవంబరు 8న, కచ్ఛ దేశపు మాండ్వినుండి బొంబాయికి బయలుదేరిన వైతరణ యను స్టీమరు సౌరాష్ట్ర తీరమున తుఫానులో మాయమైనది. విద్యుద్దీపములతో వెలుగుటచే జనులు దానిని "వీజళీ" యని పిలుచుకొనిరి. అందును 700లకు పైగా జనులుండిరి. పెండ్లివారు పెక్కుమంది యుండిరని ఆ దేశపు పాటలు చెప్పును. బొంబాయిలో మెట్రిక్యులేషను పరీక్ష వ్రాయబోవు విద్యార్థులును అందే యుండిరి. ఒక కొయ్య ముక్కయైనను ఒడ్డునకు కొట్టుకొని రాలేదు. దీని ప్రక్కన మరియొక సంగతి నుంచి చూడుడు. 1922 మేలో ఈజిప్టు అను స్టీమరు ఫ్రాన్సు తీరమున పొగమంచులో మరియొక ఓడ ఢీకొని మునిగినది. అందు బొంబాయికి వచ్చుచున్న పదిలక్షల పౌనులకు పైబడిన బంగారము, వెండి యుండెను. దానికొరకు ఏండ్ల తరబడి సముద్రగర్భమును గాలించి, వెదకువారిలోనే కొందరు ప్రాణములు గోల్పోయి, 1932లో బంగారమును పైకి దీసిరి. బంగారము పోయినచో వెదకువారుందురు. ఎంత బంగారమో వ్రాసిన జాబితాయు ఉండును. మనుష్యుల కది లేదు.

"ఇది పరప్రభుత్వపు పాపము, స్వరాజ్యము వచ్చినచో పోవును" అని మన పెద్దలు నమ్మిరి. స్వాతంత్ర్యమునకు నెలకు లోపుగానే, 1947 జూలై 17న, రామదాసు అను స్టీమరు బొంబాయినుండి రేవసునకు బయలుదేరినది. అది స్వదేశీ కంపెనీ యోడ. పేరు సమర్థ రామదాసుని పేరు. శ్రావణమునకు ముందటి అమావాస్య, పండుగకు ఇండ్లకు పోవు కూలీలు, బేరగాండ్రు, పిల్లలు. వర్షాకాలపు సముద్రములో ఓడ ప్రక్కకు ఒరిగి, 600లకు పైగా జనులు కొన్ని మైళ్ల దూరములోనే పోయిరి. ఓడలో వైర్‌లెస్ లేదు. ఈదుకొని ఒడ్డు చేరినవారు చెప్పువరకు నగరమునకు వార్తయే తెలియదు. జెండా మారినంత మాత్రమున బరువు గీత మారదు. కంపెనీ మనదైనంత మాత్రమున రక్షణ పడవ దానంతటది పుట్టదు. ఈ మాట స్వదేశాభిమానులకు రుచింపకపోవచ్చును, కాని చెప్పక తప్పదు.

"తుఫాను వచ్చినచో మానవుడేమి చేయగలడు?" అన్నది కడపటి యాక్షేపణ. దీనికి జవాబు మన గోదావరి నోటనే యున్నది. యానామునకు చేరువనున్న కోరంగి రేవు 1789లోను, మరల 1839లోను ఉప్పెనలకు గురియైనది. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్, తన జీవితమును గాలివానల పరిశీలనకే ధారపోసి, 1848లో "సైక్లోన్" అను మాటను లోకమునకిచ్చిన పండితుడు, ఆ 1789 నాటి కోరంగి ఉప్పెనను తన గ్రంథమున వర్ణించెను. గంగ ముఖద్వారమున మాట్లా నదిపై కొత్త రేవు కట్టనెంచినప్పుడు, అచ్చట ఉప్పెన తప్పదని 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి లేఖ వ్రాసి హెచ్చరించెను. వినలేదు. క్యానింగు రేవు కట్టిరి. 1867లో ఉప్పెన వచ్చినది, రేవు పాడైనది. తుఫానును ఎవ్వరును ఆపలేరు, నిజమే. కాని చెప్పినవాని మాట వినుట మానవుని చేతిలోని పని కాదా? కోరంగి మృతుల కన్నీటితో నేర్చిన పాఠమును కాగితముమీద పెట్టి పంపినను, దానిని కట్టలో గట్టి పెట్టుట తుఫాను చేసిన పనియా?

మేము పెద్ద చదువులు చదువలేదు. మెట్రిక్యులేషను ముగించి, ముప్పదియేండ్లకు పైగా రిజిస్టరులు వ్రాసి విశ్రాంతి గొన్నవారము. మాకు తెలిసిన సత్యమొక్కటే: పట్టికలో పేరు లేనివాడు బ్రదికియున్నను లేనివాడే, పోయినను పోనివాడే. వాని కొరకు వెదకువారుండరు; వాని భార్యకు పరిహారము రాదు; వాని బిడ్డ ఏ కార్యాలయమునకు పోయినను "దాఖలా యేది?" యని యడుగుదురు. అందుచే ప్రయాణికుల పట్టికను గుమాస్తాల విసుగు పనియని తలపకుడు. రక్షణ పడవ ఎట్టిదో పట్టికయు అట్టిదే. నూరుగురు పట్టు ఓడలో నూటయొకటవ పేరు వ్రాయవలసివచ్చినచో వ్రాయువాని చేయి ఆగవలెను. చేయి ఆగినచో ఓడయు ఆగును. అందుకే దురాశాపరులకు పట్టిక యనిన గిట్టదు.

ఇది గతించిన కాలపు మాట కాదు. 2017 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణలో అనుమతి లేని పడవ బోల్తా పడినది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినది. నెల దాటిన పిమ్మట గాని దానిని పైకి తీయలేదు. ఆ రెండవ పడవలో ఎందరెక్కిరన్న ప్రశ్నకు మొదటి దినములలో పలువురు పలు సంఖ్యలు చెప్పిరి. 1887నాటి ప్రశ్నయే ఇది. ఆవిరి పోయి ఆయిలు ఇంజను వచ్చినది, తంతి పోయి సెల్‌ఫోను వచ్చినది. లెక్క మాత్రము రాలేదు.

కావున మన సంఘములకు మేము రెండు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది: మన కుటుంబములలో నీరు దాటబోయి తిరిగి రానివారి పేరులు పెద్దలకు జ్ఞాపకమున్నవి. ఏ రేవున నెక్కిరో, ఏ యేట నెక్కిరో, ఎవరి సంతతియో, ఆ పెద్దలుండగనే వ్రాసి సంఘపు పుస్తకములో నుంచుడు. తాతముత్తాతల సాహసమును సభలలో పొగడుట మంచిదే. కాని చేరినవారి సాహసమునే పొగడి, చేరనివారి పేరు మరచుట కృతజ్ఞత కాదు. రెండవది: యాత్రలకు, విహారములకు మన పిల్లలను తీసికొనిపోవు పెద్దలు పడవ యెక్కుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇందు ఎందరు పట్టుదురు? ఎందరెక్కిరి? తేలు కవచములు అందరికిని ఉన్నవా? జవాబు సరిగా రానిచో దిగిపోవలెను. వెనుకనున్నవారు నవ్వినను దిగవలెను. ప్లిమ్సాల్ సభలో కేకలు వేసిననాడు పెద్దమనుష్యులు నొచ్చుకొనిరి. కాని నేడు లోకములోని ప్రతి సరుకుటోడ ప్రక్కనను ఆయన గీత యున్నది.

సముద్రునికి చెవులు లేవు, వానిని తిట్టి ఫలము లేదు. ఒడ్డుకు చెవులున్నవి. అడుగవలసినది ఒడ్డునే.