పేరు పెడితే తీరే ఋణమా?

తెలుగువారికి కృతజ్ఞత తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఊరూరా విగ్రహాలు, ప్రతి విగ్రహానికీ ఏడాదికి రెండు దండలు: జయంతికి ఒకటి, వర్ధంతికి ఒకటి. ఇంత కృతజ్ఞత ఇంకెక్కడ దొరుకుతుంది? నా ఫిర్యాదు వేరు. కృతజ్ఞుడంటే చేసినదానిని ఎరిగినవాడు. మనమేమో చేసినదానిని మరచిపోయి, చేసినవారి పేరును మాత్రం పల్లకీలో పెట్టి ఊరేగిస్తున్నాము. ఇందుకు వేరే మాట ఏదైనా వెదుక్కోవడం మంచిది.

దూరాభారపు ఉదాహరణలు నాకు అక్కరలేదు. మా గుడ్లవల్లేరు నుంచి ఒక పూటలో పోయి రాగలిగిన ఊళ్ళే చాలు.

నందమూరి తారక రామారావుగారి జన్మస్థలం నిమ్మకూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించి, విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లాను ఏర్పరచారు. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది! అదే ఏడాది సెప్టెంబరులో, ఆయన హయాములో 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు తీసివేసి మరొక ముఖ్యమంత్రి పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారగానే మళ్ళీ పాత పేరు వచ్చింది. రెండు సార్లూ శాసనసభ కూర్చుంది, రెండు సార్లూ వీధుల్లో నినాదాలు మ్రోగాయి. ఈ రెండేళ్ళ రభసలో ఒక్క వైద్య విద్యార్థికైనా ఒక్క పాఠం అదనంగా అందిందా? పేరు తీసినవారికి ఆ ప్రశ్న తట్టలేదు, తిరిగి పెట్టినవారికీ తట్టలేదు.

రామారావుగారు చేసిన పనులలో నా దృష్టికి అన్నిటికన్న లోతైనది కిలో రెండు రూపాయల బియ్యం కాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానంగా కుమార్తెకూ హక్కు కల్పిస్తూ, 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ అది. దేశమంతటికీ అటువంటి హక్కు 2005లో గాని రాలేదు. ఇరవై ఏళ్ళు ముందున్నాము! మరి ఆ హక్కును మన డెల్టా పల్లెలలో ఏమి చేశాము? మే 28న విగ్రహానికి దండ వేసిన చేతులతోనే, అక్కచెల్లెళ్ళ చేత హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్నాము. "కట్నం ఇచ్చాంగా, ఇంకా వాటా ఏమిటి?" అన్న మాట వినని ఇల్లు మా వైపు ఎన్ని ఉన్నాయో వ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆయన పేరు కోసం రోడ్డెక్కిన వారిలో ఎందరు తమ తోబుట్టువుకు కుంట పొలమైనా రాసిచ్చారు?

ఇక పింగళి వెంకయ్యగారు. మొవ్వ దగ్గరి భట్లపెనుమర్రు ఆయన స్వగ్రామం. 1916లోనే జాతీయ పతాకం ఎలా ఉండాలో నమూనాలతో సహా పుస్తకం వేసిన మనిషి. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల వేళ గాంధీగారి చేతికి జెండా నమూనాను అందించినవాడు. ఆయనకు జెండా వెంకయ్య అనే పేరుతో పాటు పత్తి వెంకయ్య అనే పేరూ ఉండేది. కంబోడియా పత్తి మీద ఆయన చేసిన పరిశోధన వల్ల వచ్చిన పేరది. అంత చేసినవాడు 1963 జూలై 4న విజయవాడలో పేదరికంలోనే కన్నుమూశాడు. తపాలా బిళ్ళ 2009లో వచ్చింది. మధ్యలో నలభై ఆరేళ్ళు!

అది పాత పాపం అనుకుందాం. కొత్తది చూడండి. 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి, యంత్రాల మీద తయారైన పాలియెస్టరు జెండాలకు అనుమతి ఇచ్చారు. 2022 ఆగస్టులో ఇంటింటా జెండా ఎగరవేయమన్నారు, అదే నెలలో వెంకయ్యగారి జయంతి జరిపారు, మరో తపాలా బిళ్ళ విడుదల చేశారు. పత్తి వెంకయ్యకు పాలియెస్టరుతో నివాళి! మా ఊరి నుంచి బందరు పోయే రైలు పెడన మీదుగానే వెళుతుంది. పెడన అంటే మగ్గాల ఊరు, కలంకారీ ఊరు. ఆ జెండాల గుడ్డలో కొంతైనా పెడన, మంగళగిరి, చీరాల మగ్గాల మీద నేయించి ఉంటే, వెంకయ్యగారి జయంతికి వేరే సభ అవసరమయ్యేదా?

మా మండలంలోని అంగలూరు సంగతి చెప్పకపోతే పక్షపాతమవుతుంది. త్రిపురనేని రామస్వామిగారు 1887లో అక్కడే పుట్టారు. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే పద్ధతి మీద జీవితమంతా కలం దూసినవారు. పెళ్ళితంతు తెలుగులోనే జరగాలని 'వివాహవిధి' రాశారు. ఈనాడు ఆయన బొమ్మ ఎక్కువగా ఎక్కడ కనిపిస్తున్నది? కులసంఘాల కరపత్రాల మీద, కార్తీక వనభోజనాల ఆహ్వానాల మీద! ఆయనను తిట్టినవారు కూడా ఇంత అవమానం చేయలేదు. తిట్టడానికైనా ఆయన రాసినది చదవాలి కదా.

"పేరు కూడా ఉండకూడదంటావా? పేరు ఉంటేనే గదా రేపటి పిల్లలు ఎవరని అడిగేది?" అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. ప్రశ్న న్యాయమైనదే. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు, బోర్డు మారినందుకు నాకూ గుండె కలుక్కుమన్నది. కాని ఆ బోర్డు తొంభై ఆరేళ్ళకు పైగా వ్రేలాడింది గదా! అన్నేళ్ళలో మన పిల్లలకు పట్టాభి గురించి ఏమి తెలిసింది? 1939లో సుభాష్ చంద్ర బోసు చేతిలో ఓడిపోయినాయన అని తెలిసింది. అంతే. పేరు దానంతట అది పాఠం చెప్పదు. చెప్పేవారు పక్కన నిలబడాలి.

పేర్లు లేకుండానే ఋణం తీర్చిన సందర్భం ఒకటి మన ప్రాంతంలోనే ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మండలి వెంకట కృష్ణారావుగారు సహాయానికి ముందు నడిచారు, ఎక్కడెక్కడి సేవాసంస్థలో వచ్చి ఇళ్ళు కట్టాయి. ఆ తరువాత తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికల ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. 1990 మే నెలలో మళ్ళీ అంతటి తీవ్రమైన తుఫాను వచ్చినప్పుడు, ముందుగానే లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యి లోపు. ఆ వెయ్యి కూడా తక్కువ దుఃఖం కాదు. కాని 1977లో పోయినవారికి ఇంతకన్న గొప్ప తద్దినం ఎవరు పెట్టగలరు? వారి పేర్లు మనకు తెలియవు. వారి చావు నేర్పినదాన్ని మాత్రం ఎవరో గుర్తుంచుకొని పని చేశారు.

ఈ పద్ధతిని నేను మొదట నేర్చినది ఇంట్లోనే గనుక ఒక్క సొంతమాట చెప్పుకోక తప్పదు. మా మేనత్త నాన్నకు అక్క. ఇద్దరినీ చదివించే శక్తి తాతయ్యకు లేదు. అయిదో తరగతితో అత్తయ్య బడి మాన్పించి నాట్లకూ కలుపులకూ తీసుకువెళ్ళారు, ఆ కూలి డబ్బులతో నాన్న గుడివాడలో చదువుకున్నాడు. 1988లో తాతయ్య బతికుండగానే నాన్నకూ బాబాయికీ పొలం పంచాడు. కొత్త చట్టం వచ్చింది గాని, అది అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు వర్తించదు. నాన్న తన వాటాలోంచి సగం అత్తయ్య పేర రాయించాడు. బంధువులు పిచ్చివాడన్నారు. మా అమ్మ కూడా కొన్నాళ్ళు ముభావంగానే ఉన్నది, ఆమె లెక్కలు ఆమెకుండవా! నాన్న అన్నది ఒకటే: "అక్క కూలితో చదివినవాణ్ణి, ఉద్యోగం ఉంది. దానికేముంది?"

మా ఇంట్లో అత్తయ్య ఫోటోకు దండ లేదు, ఆమె పేర దానధర్మాల పలకా లేదు. ఆ ఎకరం మీద ఆమె ఇద్దరు కూతుళ్ళు డిగ్రీలు చదివారు. నేను నాన్నకు ఋణపడినది నన్ను చదివించినందుకు మాత్రమే కాదు, బాకీ ఎలా తీర్చాలో కళ్ళముందు చేసి చూపినందుకు.

కనుక చదువరులకు నా మనవి ఇది. ఈసారి ఎవరైనా ఒక మహనీయుని పేరు ఫలానా దానికి పెట్టాలని గాని, తీయాలని గాని చందాకో సంతకానికో మీ వద్దకు వస్తే, ఆ మహనీయుడు మొదలుపెట్టిన పనిలో నీవు నీ జేబులోంచి ఏమి చేశావని అడగండి. రామారావుగారి అభిమాని అయితే చెల్లెలి వాటా సంగతి అడగండి. వెంకయ్యగారి పేరెత్తితే, ఒంటి మీది చొక్కా ఏ మగ్గానిదో అడగండి. జవాబు చెప్పగలిగినవారి కాగితం మీద నిస్సంకోచంగా సంతకం చేయండి. నేనూ చేస్తాను.