అడగాల్సింది వారినే!

1984లో ఇథియోపియా కరవుతో అల్లాడుతుంటే బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ ఒక పాట రాశారు. ‘డూ దే నో ఇట్స్ క్రిస్మస్?’ అంటే, ఇది క్రిస్మస్ అని వాళ్లకు తెలుసా అని. బ్రిటన్, ఐర్లాండ్ గాయకులు కలిసి పాడిన ఆ పాట లక్షల పౌండ్లు తెచ్చి ఎందరికో అన్నం పెట్టింది. అందుకు దేవునికి స్తోత్రం!

2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా ప్రబలినపుడు అదే పాటను కొత్త గాయకులతో మళ్లీ పాడించారు. కొన్ని మాటలు మార్చారు కానీ ఆ ప్రశ్న మారలేదు. నిరాశపరిచింది అదే! ఎబోలా బారిన పడిన లైబీరియాలో అత్యధికులు క్రైస్తవులే. ఇక ఇథియోపియా సంగతంటారా? అక్కడి అక్సుం రాజు ఎజానా నాలుగో శతాబ్దంలోనే క్రీస్తును నమ్మాడు. ఆఫ్రికా అంటే రోగం, దారిద్య్రమేనన్నట్టుగా పాట ఉందని బాధపడి, ఘనా మూలాలున్న బ్రిటిష్ గాయకుడు ఫ్యూజ్ ఓడీజీ పాడకుండా తప్పుకున్నాడు.

ఆకలి తీర్చే చెయ్యే ఎదుటివారిని చిన్నబుచ్చితే ఎలా? పేదవాడిలోనూ ఉన్నది దేవుని స్వరూపమే కదా! క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతూ పేదలను ఫొటోలకు నిలబెట్టే మన సంఘాలకూ ఇది పాఠమే. గుడ్డివాడైన బర్తిమయికి ఏం కావాలో యేసుప్రభువుకు తెలియదా? అయినా ముందు అతన్నే అడిగాడు (మార్కు 10:51). వాళ్లకు తెలుసా అని లోకాన్ని అడగడం జాలి. మీకేం కావాలని వాళ్లనే అడగడం ప్రేమ!