మైపాడు దాకా వచ్చేసరికి పెన్న ఎవరిది?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర తీరంలో అందరూ రొయ్య గురించే మాట్లాడారు. ఎగుమతిదారుల నష్టం, రైతుల నష్టం, బ్యాంకు అప్పులు, ప్రభుత్వం ఇవ్వాల్సిన రాయితీ, అన్నీ చర్చకొచ్చాయి. గుంటల దగ్గర రాత్రి కాపలా కాసే యానాది కుటుంబం గానీ, గుంట తవ్వకముందు అదే కయ్యలో నాట్లేసిన మాల మాదిగ ఆడవాళ్లు గానీ ఆ లెక్కల్లో ఎక్కడా లేరు. ఆ మాట ఎత్తాలంటే రొయ్య దగ్గర కాదు, నీటి దగ్గర మొదలుపెట్టాలని మేం అనుకుంటున్నాం.

మైపాడు అంటే నెల్లూరు వాళ్లకు బీచ్. ఇందుకూరుపేట మండలంలో, ఊరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. దానికి ఉత్తరాన ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, అనంతపురం, కడప మీదుగా 597 కిలోమీటర్లు నడిచి వచ్చే నది ఇది. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అంటే 55 లక్షల హెక్టార్ల మీద పడిన వానలో ఇంకగా, ఆవిరి కాగా, చెరువుల్లో ఆగగా, ఆనకట్టలు పట్టుకోగా మిగిలింది మైపాడు పక్కకు వస్తుంది.

ఒక వాగు ఎలా ఉంటుందో దాని ఒడ్డున తేలదు, పైన తేలుతుంది. పైన నేల నీటిని ఇంకించుకుంటే వాన పోయాక కూడా ఊట రూపంలో వాగు పారుతూనే ఉంటుంది. చెట్లు పోయి, మన్ను గట్టిపడి, చెరువులు పూడిపోతే అదే వాన ఒక్కసారిగా దొర్లుకొచ్చి వెళ్లిపోతుంది. పెన్నది సహజంగానే రెండో స్వభావం. పైన రాయలసీమ వానలు తక్కువ, కింద నెల్లూరు తీరానికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ - డిసెంబర్ నెలల్లోనే పడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక, కొన్ని రోజులు వరద. ఆ వరద నీటితో పాటు ఒండ్రు తెచ్చింది. ఈ డెల్టా ఆ ఒండ్రుతో లేచిన నేల. తీరం వెంట ఉన్న చిత్తడి నేలలు, ఉప్పుటేర్లు, మడ చెట్లు, అన్నీ మంచినీరూ ఉప్పునీరూ కలిసే కొలతను బట్టి బతుకుతాయి.

ఆ కొలతను మార్చింది మనుషులే. 1850ల్లో నెల్లూరు ఆనకట్ట, 1880ల్లో సంగం ఆనకట్ట కట్టారు. వాటి వల్లే నెల్లూరు డెల్టా వరికి పేరొచ్చింది, ఆ మాట దాచాల్సిన పని లేదు. తర్వాత సుమారు 78 టీఎంసీల సోమశిల వచ్చింది. 1983 ఒప్పందంతో తెలుగుగంగ వచ్చి, కృష్ణా నీరు సోమశిల, కండలేరు మీదుగా చెన్నైకి వెళ్లే దారి పడింది. 2022 సెప్టెంబర్‌లో సంగం, నెల్లూరు దగ్గర కొత్త బ్యారేజీలు ప్రారంభించారు. నీటితో పాటు జలాశయాల్లో ఆగిపోయేది ఒండ్రు. మామూలు ఏడాదిలో సముద్రం దాకా వచ్చే మంచినీరు తగ్గితే, లోపలికి వచ్చే ఉప్పును వెనక్కి నెట్టేది ఏదీ ఉండదు. 'సముద్రంలో వృథాగా పోతున్న నీరు' అని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. వృథా ఎవరికి అని తీరంలో బతికేవాళ్లను అడిగితే వేరే జవాబు వస్తుంది.

తీరం ఇసుకలో దొరువు తవ్వుకుని తాగునీరు తెచ్చుకోవడం ఆంధ్ర తీరమంతా తెలిసిన పని. ఇసుకలో ఇంకిన వాన నీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతుంది. భూగర్భ శాస్త్రం చెప్పే లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల మంచినీటి పొర ఉంటుంది. పైన అడుగు తగ్గితే కింద 40 అడుగులు పోతుంది. బోరు వేసి నీరు తోడినా, పక్కన ఉప్పునీటి గుంట నింపినా దెబ్బ ముందు తగిలేది దొరువుకే. క్యాన్ నీళ్లు కొనగలిగిన ఇంటికి ఇది ఖర్చు. కొనలేని ఇంట్లో ఆడవాళ్లకు ఇది ప్రతిరోజూ నడక.

రొయ్య ఇక్కడికి 1990ల మొదట్లో వచ్చింది. వరి కయ్యలో ఒక ఎకరానికి నాట్లు, కలుపు, కోత, నూర్పిడి అని ఏడాదిలో ఎంతో మందికి పని. గుంటకు కాపలాదారు, మేత వేసేవాడు, పట్టుబడి రోజున కొందరు చాలు. భూమి యజమానికి పంట మారింది, కూలీకి ఊరే మారింది. గుంటల నీరు వదిలే మురుగు కాలవల్లోనే జిల్లా గిరిజనుల్లో అత్యధికులైన యానాదులు చేపలు, పీతలు పట్టుకుని బతికారు. ఆ కాలవల మీద వాళ్లకు ఏ పట్టా లేదు కాబట్టి, పోయినప్పుడు నష్టమనీ ఎవరూ రాయలేదు.

దీని మీద దేశంలో గట్టి పోరాటం తమిళనాడు డెల్టాలో జరిగింది. కీళవెణ్మణిలో 1968లో 44 మంది దళితుల్ని తగలబెట్టిన ప్రాంతం అది. అక్కడ భూమిలేని దళితుల కోసం పనిచేసిన దళిత మహిళ కృష్ణమ్మాళ్, ఆమె భర్త జగన్నాథన్ రొయ్యల కంపెనీల్ని ఎదిరించారు. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీర నియంత్రణ మండలిలో, అంటే పోటు గీతకు 500 మీటర్ల లోపు, సంప్రదాయ పద్ధతులు తప్ప రొయ్యల గుంటలు ఉండకూడదనీ, పంట భూముల్ని, మడ అడవుల్ని, చిత్తడి నేలల్ని గుంటలుగా మార్చకూడదనీ చెప్పింది. ఆంధ్రలో, తమిళనాడులో రొయ్య తెచ్చే ఆదాయం కన్నా చేసే నష్టమే ఎక్కువని కూడా ఆ తీర్పులో ఉంది. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి 500ను 200 మీటర్లు చేసింది. 2023 ఆగస్టులో దాన్ని సవరించి హేచరీల వంటి వాటిని తీరానికి ఇంకా దగ్గరకు రానిచ్చింది, జైలు శిక్షను తీసేసి జరిమానాలతో సరిపెట్టింది. దళితులు ముందుండి నడిపిన పోరాటంతో వచ్చిన రక్షణ ఇలా మెల్లగా కరిగిపోతుంటే మన ఉద్యమాలు దీన్ని 'పర్యావరణం వాళ్ల విషయం' అని వదిలేశాయి. ఇది మాకు బాధ కలిగించే సంగతి.

అదే 2023లో రాష్ట్రం అసైన్డ్ భూముల చట్టాన్ని సవరించింది. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మకూడదంది. సవరణ, ఇచ్చి 20 ఏళ్లు దాటితే అసలు లబ్ధిదారుకు పూర్తి హక్కు ఇస్తుంది. వినడానికి న్యాయమే. మన భూమి మనం ఎందుకు అమ్ముకోకూడదు అనే ప్రశ్నను మేమూ కొట్టిపారేయం. కానీ తీరంలో దళితులకు పంచిన భూమి ఎలాంటిది? చాలాచోట్ల అది చౌడు, పల్లం, నీరు నిలిచే పోరంబోకు. నెల్లూరు జిల్లాలో సహకార ఉమ్మడి వ్యవసాయ సంఘాల పేరిట ఇచ్చిన సీజేఎఫ్‌ఎస్ భూముల గొడవ ఇప్పటికీ తెగలేదు. వరికి పనికిరాదన్న ఆ చౌడు నేలకే రొయ్య వచ్చాక ధర వచ్చింది. పట్టా ఒకరిది, గుంట ఇంకొకరిది అయిన చోట హక్కు ఎవరి చేతికి చేరుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక వాటర్‌షెడ్ పథకాలు. హనుమంతరావు కమిటీ సూచనలతో 1995 నుంచి వచ్చిన మార్గదర్శకాలు, 2000లో నీరు - మీరు, అన్నీ గట్టు మీద మొదలుపెట్టి లోయకు రమ్మన్నాయి. మంచి సూత్రమే. కానీ పని ఒక్కో చోట దాదాపు 500 హెక్టార్ల ముక్కకే. చెక్‌డ్యాం కడితే నీరు ఊరేది బోరున్న వాడి పొలంలో, భూమిలేని వాళ్లకు మిగిలేది ఆ కట్ట మట్టి మోసిన కూలి. 55 లక్షల హెక్టార్ల నదికి కొసన ఉన్నవాళ్ల సంగతి ఏ ముక్క లెక్కలోకీ రాదు.

కొసన ఉన్నవాళ్లకు ఏం వస్తుందో 2021 నవంబర్ చూపించింది. 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. కడప జిల్లాలో ఊళ్లు మునిగి మనుషులు పోయారు. అదే వరద పెన్నలో కలిసి నెల్లూరుకు వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల్ని, జాతీయ రహదారిని తెంచింది. కరువులో రాని నీరు ఇలా వస్తుంది, పల్లంలో ఉన్న వాడలకు ముందు వస్తుంది. వాడ పల్లంలో ఎందుకుందో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. కారంచేడు 1985 జులైలో మొదలైంది చెరువు దగ్గరే. మాదిగలు తాగే నీటిని మురికి చేయొద్దన్నందుకు.

చట్టం ఈ నేలల్ని ఎలా చూస్తోంది? 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలల్ని కాపాడాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన నిబంధనలు నదీ మార్గాల్ని, వరి కయ్యల్ని, సాగునీటి చెరువుల్ని, ఆక్వా కోసం తవ్విన గుంటల్ని నిర్వచనం నుంచి తీసేశాయి. తీర నియంత్రణ మండలిలోవి ఈ నిబంధనల కిందికి రావన్నాయి. మైపాడు చుట్టుపక్కల నేలను ఈ జల్లెడలో పోస్తే మిగిలేది చాలా తక్కువ.

పరిశోధన విద్యార్థులుగా మేం చేయగల పని ఒకటుంది. అసైన్‌మెంట్ రిజిస్టర్లు, అడంగళ్లు తహసీల్దారు దగ్గర ఉంటాయి. రొయ్యల గుంటల రిజిస్ట్రేషన్ దరఖాస్తులు కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ దగ్గరకు వస్తాయి. సమాచార హక్కు కింద రెండూ అడిగి, సర్వే నంబరు వారీగా పక్కపక్కన పెట్టాలి. మురుగు కాలవ ఎవరి వాడ పక్కన ఆగుతోందో మూడో గడిలో రాయాలి. ఇందుకూరుపేట మండలంతోనే మొదలుపెట్టొచ్చు.